కమ్మీ కింద మనిషి

లాడీ కుబినెక్ చేతులు అతని ఒంటికి సరిపోయేవి కావు. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు పొడుగ్గా, మణికట్టు దగ్గర వెడల్పుగా ఉండేవి. పగలు రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన ఇనప పట్టీలను ఆ చేతులతోనే పటకారు పట్టి తిప్పేవాడు. సాయంత్రం ఆల్డర్టన్ కాలేజీ జిమ్‌లో, హై బార్ మీంచి జారిన కుర్రాళ్లను ఆ చేతులతోనే పట్టుకునేవాడు.

పట్టుకోవడం అంటే ఒడిసి పట్టడం కాదు. మనిషెత్తు మీద ఇంకో మూడడుగుల ఎత్తున ఒక ఇనప కమ్మీ. దాని చుట్టూ గిరగిరా తిరిగే కుర్రాడు మధ్యలో కమ్మీని వదిలేస్తాడు, గాలిలో ఒక మెలిక తిరుగుతాడు, మళ్లీ కమ్మీని అందుకుంటాడు. అందకపోతే తల ఎటు, కాళ్లు ఎటు అన్నది అతని చేతిలో ఉండదు. కింద నిలబడ్డవాడు ఆ క్షణంలో ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి తొడ కింద పెట్టి మనిషిని తిప్పెయ్యాలి. మెడ మీద పడవలసినవాడు వీపు మీద పడతాడు. అంతే పని. పడటాన్ని ఆపలేడు, మార్చగలడు.

ఈ పని అతను కాలేజీలో నేర్చుకోలేదు. కాలేజీ మొహమే చూడలేదు. మిల్లు పైనున్న కొండ మీద వలస వచ్చిన స్లొవాక్‌ల సోకోల్ హాలు, అంటే వాళ్ల కసరత్తు సంఘం హాలు, ఉండేది. కింది అంతస్తులో బీరు, పేకాట. పై అంతస్తులో కమ్మీలు, రింగులు, గుర్రపుచెక్క. ఆ హాలులో ఒక కట్టుబాటు ఉండేది. ఏ పిల్లవాడినీ నేరుగా కమ్మీ ఎక్కనిచ్చేవారు కాదు. ముందు ఒక ఏడాది కింద నిలబడాలి. పెద్దవాళ్లు పైన తిరుగుతుంటే చేతులెత్తి కింద కాచుకోవాలి. లాడీ తండ్రి కూడా మిల్లు మనిషే. కొడుకు ఏడ్చినా వినలేదు.

"నేనెప్పుడు ఎక్కేది నాన్నా?"

"ఎవణ్ణైనా ఒకణ్ణి పట్టుకున్నాక."

"ఎవడూ పడట్లేదుగా!"

"పడతాడు. నిలబడు."

ఆ ఏడాది చలికాలంలో పడ్డది తండ్రే. పన్నెండేళ్ల పిల్లవాడి మీద పడ్డాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. లేచి కూచుని ఆయన పట్టు జారకుండా చేతులకు రాసుకున్న సుద్దపొడి కొడుకు మొహానికి అంటితే తుడిచి, "ఇక ఎక్కు" అన్నాడు.

లాడీ ఎక్కాడు గాని గొప్పవాడు కాలేదు. పొట్టి కాళ్లు, బరువైన భుజాలు. పోటీల్లో నాలుగోవాడో ఐదోవాడో అయ్యేవాడు. కింద నిలబడితే మాత్రం అతనికి అందరికన్నా ముందు తెలిసేది. మొహం చూసేవాడు కాదు, నడుము చూసేవాడు. జారబోయేవాడి నడుము ముందే వదులవుతుందనేవాడు. ఆ సంగతి చుట్టుపక్కల కాలేజీల కోచ్‌లకు పాకింది. ఆల్డర్టన్‌వాళ్లు సాయంత్రాలకు రమ్మని అడిగారు. మిల్లు షిఫ్టు దిగి, స్నానం చేసి, క్యాబేజీ వేసి వేయించిన సేమ్యా ఒక డబ్బాలో పెట్టుకుని కొండ దిగి వెళ్లేవాడు. వెళ్తూ వెళ్తూనే తినేసేవాడు. కాలేజీ కుర్రాళ్లు అతన్ని సర్ అనలేదు, కోచ్ అనలేదు. హాలు పిల్లల్లాగే స్ట్రీకో అన్నారు. బాబాయ్ అన్నమాట.

అప్పటికి హైలాండ్ కాన్ఫరెన్స్‌లో ఎనిమిది కాలేజీలు ఉండేవి. యుద్ధానికి ముందు ఇద్దరు జర్మన్ వ్యాయామ మాస్టర్లు, ఒక స్లొవాక్ దర్జీ కలిసి పెట్టిన జిమ్నాస్టిక్స్ పోటీల సంఘం అది. కొండల మధ్య చిన్న చిన్న కాలేజీలు. ఏడాదికొకసారి, మార్చిలో, మంచు కరిగి రోడ్లు బురదయ్యే వేళ అందరూ ఒకచోట చేరేవారు. పొద్దుట్నుంచి పోటీ. పోటీ అయ్యాక ఎవరి కాలేజీలో జరిగితే వాళ్లు అందరికీ అన్నం పెట్టాలి. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే బల్ల దగ్గర కూచోవాలి. ఆల్డర్టన్‌లో జరిగితే లాడీ భార్య వెర్నా, చర్చి ఆడవాళ్లు కలిసి వండేవారు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. హై బార్ కింద నిలబడే మనిషిని పోటీ జరిపే కాలేజీయే ఇవ్వాలి. ఏ జట్టువాడు పైనున్నా సరే, అడిగితే నిలబడాలి. ఆ కాసేపు అతనికి జట్టు లేదు. దీన్ని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. రాయవలసిన అవసరం కూడా ఎవరికీ తోచలేదు. పోటీల్లో లాడీ తమ కాలేజీవాళ్లకంటే పరాయి కాలేజీలవాళ్లనే ఎక్కువమందిని పట్టుకుని ఉంటాడు.

కాలేజీలు ఒక్కొక్కటే జారిపోయాయి. ఒకచోట జిమ్‌ను బాస్కెట్‌బాల్‌కి ఇచ్చేశారు. ఒకచోట కోచ్ చచ్చిపోతే ఇంకొకణ్ణి పెట్టలేదు. ఒకచోట పైకప్పు కూలింది, కప్పు వేశారు గాని కమ్మీలు మళ్లీ పెట్టలేదు. ఎవరూ వీడ్కోలు చెప్పి వెళ్లలేదు. మార్చి వచ్చేది, వాళ్లు వచ్చేవారు కాదు. భోజనాల బల్ల కురచైపోతూ వచ్చింది. ఎనభై ఆరు నాటికి నాలుగు కాలేజీలు మిగిలాయి. నాలుగుకు తగ్గితే కాన్ఫరెన్స్ ఉన్నట్టు కాదు.

మిల్లు అప్పటికే మూతపడింది. లాడీకి యాభై ఐదేళ్లు. గేటుకి తాళం వేసిన రోజున ఇంటికొచ్చి, ఎప్పటిలాగే స్నానం చేసి, డబ్బా పట్టుకుని కాలేజీకి వెళ్లాడు. ఆ తరవాత అతనికి మిగిలిన పని అదొక్కటే.

ఆ ఏడాది జనవరిలో క్రీడల డైరెక్టర్ ప్రూయిట్ జిమ్‌కి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. బూట్లు విప్పకుండా పరుపుల మీద నడిచాడు. హెడ్ కోచ్ హేవర్టీ, లాడీ నిలబడి విన్నారు.

"బోర్డులో సగం మంది మూసెయ్యమంటున్నారు" అన్నాడు ప్రూయిట్. "మీ జట్టు గెలిచి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిదేళ్లు" అన్నాడు హేవర్టీ.

"ఈసారి కాన్ఫరెన్స్ గెలవండి. పోటీ మన దగ్గరే కదా. గెలిచిన జట్టును మూసెయ్యమని ఏ బోర్డూ అనలేదు. మిగతా మాట నేను చూసుకుంటా."

"గెలవకపోతే?"

ప్రూయిట్ గోడకున్న పాత జెండాల వంక చూశాడు. "గెలవండి" అన్నాడు.

హేవర్టీ మంచివాడు, నెమ్మదైనవాడు. ఈ మాట కుర్రాళ్లకు చెప్పొద్దనుకున్నాడు. వారం తిరక్కుండా అందరికీ తెలిసిపోయింది. రింగుల కుర్రాడు విన్స్ పలాడీనో, నోరున్న పిల్లవాడు, పరుపుల మీద పడుకుని పైకప్పుతో చెప్పాడు:

"అయితే మనం ఓడితే స్ట్రీకోకి పెళ్లాంతో కూచుని పేకాట తప్ప దిక్కులేదన్నమాట."

"వెర్నా పేకాటలో మోసం చేస్తుంది రా" అన్నాడు లాడీ. "అందుకే గెలవండి."

అందరూ నవ్వారు. ఆ చలికాలమంతా అరచేతులు చీరుకుపోయేలా పనిచేశారు.

పోటీ రోజున లోరింగ్ కాలేజీ జట్టు ఆలస్యంగా దిగింది. వాళ్ల కోచ్ మెర్ల్ డీట్జ్ లాడీకి పాతికేళ్ల పాత శత్రువు. ప్రతి మార్చిలోనూ పక్కపక్కనే కూచుని తినే శత్రువు. ఒక భుజం ఎత్తలేకుండా వచ్చాడు.

"ఏరా లాడీ, ఇంకా బతికే ఉన్నావా?"

"నువ్వు చచ్చేదాకా ఉండమంది వెర్నా. భుజానికేమైంది?"

"కోయించుకున్నా. నా అసిస్టెంట్‌ను క్రిస్మస్‌కే పంపించేశారు, జీతం దండగని. ఇవాళ మా వాళ్ల కింద నువ్వే నిలబడాలి."

"నిలబడతా."

"ఓస్టర్‌హౌట్‌కి కూడా."

డేల్ ఓస్టర్‌హౌట్ ఆ కాన్ఫరెన్స్‌లో హై బార్ మీద అందరికన్నా మంచివాడు. అందరికన్నా ఎక్కువ తెగించేవాడు. "మీ వాళ్ల కిందన్నావుగా" అన్నాడు లాడీ.

ఆరు అంశాల్లో ఐదు ముగిసేసరికి మిగతా రెండు కాలేజీలు వెనకబడిపోయాయి. ఆల్డర్టన్ ముందుంది, కాస్తంత. హై బార్ చివరి అంశం. ఆల్డర్టన్ వాళ్లు ముగించారు. లోరింగ్ వాళ్లు ఒక్కొక్కరే ఎక్కి దిగారు. లాడీ ప్రతివాడి కిందా నిలబడ్డాడు. ఆఖరున డేల్ మిగిలాడు. లెక్క అందరికీ నోటికొచ్చేసింది. డేల్ మామూలుగా చేస్తే లోరింగ్ గెలుస్తుంది. అర పాయింటు పోతే ఆల్డర్టన్ గెలుస్తుంది.

కింది మనిషి చెయ్యి తగిలితే తెగేది సరిగ్గా అర పాయింటే.

జనం ఇది తెలిసినవాళ్లే. పై బెంచీల మీంచి ఎవడో మిల్లు పాతకాపు కేకేశాడు. "ఒరేయ్ లాడీ! చేతులు జేబులో పెట్టుకోరా!"

ఇంకొకడు అందుకున్నాడు. "వద్దొద్దు, పెట్టుకోకు! కాలు పట్టి లాగు!"

హాలంతా నవ్వింది. లాడీ నవ్వలేదు. డేల్ చేతులకు సుద్దపొడి రాసుకుంటూ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. తోలు పట్టీలు పళ్లతో బిగించుకుంటూ అన్నాడు:

"స్ట్రీకో, నేను చస్తుంటే తప్ప ముట్టుకోకండి."

"సరే."

"నిజంగా. మీ వాళ్లు గెలవాలని నా మీద చెయ్యేస్తే ఊరుకోను." కుర్రాడు నవ్వుతూనే అన్నాడు. కమ్మీ ఎక్కబోయే ముందు అందరూ ఇలాంటి మాటలే అంటారు. లాడీ వెయ్యిసార్లు విన్నాడు.

ఆ రోజు మాత్రం ఆ మాట చెవిలో ఉండిపోయింది.

డేల్ రెండు సుళ్లు తిరిగాడు. మూడోసారి కమ్మీ వదిలాడు. ఎత్తుగా వెళ్లాడు, తిరిగాడు, కుడిచెయ్యి అందింది. ఎడమచెయ్యి అందలేదు. లాడీ అప్పటికే చూశాడు. నడుము వదులైంది. అతని చేతులు వాటంతటవే లేచాయి, తండ్రి కింద లేచినట్టు, నలభై మూడేళ్లుగా లేస్తున్నట్టు.

సగంలో ఆగాయి.

కుర్రాడు ఒంటిచేత్తో పట్టు నిలుపుకుంటాడేమో. నిలుపుకుంటే, ఈ చెయ్యి తగిలితే, గెలిచేది తను. తన జట్టు, తన ఉద్యోగం, తన సాయంత్రాలు. లాడీ కుబినెక్ పరాయి కుర్రాడి మీద చెయ్యేసి పోటీ గెలిపించుకున్నాడంటారు. ఇంత సేపు ఆలోచించాడని కాదు. ఇదంతా ఒక్క ముద్దగా వచ్చి మోచేతుల దగ్గర అడ్డం పడింది.

కుడిచెయ్యి జారింది. డేల్ తలకిందులుగా వచ్చి మెడ మీద పడ్డాడు.

పరుపు చప్పుడు పెద్దగా ఏమీ లేదు. కుర్రాడు కళ్లు తెరిచే ఉన్నాడు. లాడీ మోకాళ్ల మీద కూచుని అతని తలకు రెండు వైపులా చేతులు పెట్టి కదలకుండా పట్టుకున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ చేతులు తియ్యలేదు.

"నాకు కాళ్లు ఎక్కడున్నాయో తెలీట్లేదు" అన్నాడు డేల్.

"ఉన్నాయి రా. ఉన్నాయి."

తీసుకెళ్లాక కూడా హాల్లో ఎవరూ కదల్లేదు. జడ్జీలు తల దించుకుని మార్కులు వేశారు. వేయక తప్పదు. ఆల్డర్టన్ గెలిచింది. హేవర్టీ కప్పు దగ్గరకి వెళ్లలేదు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఏ కుర్రాడికీ లేకపోయింది. చివరికి డీట్జే ఆ కప్పును మంచి చేత్తో తీసుకొచ్చి లాడీ ముందు బెంచీ మీద పెట్టాడు. ఆసుపత్రికి వెళ్లడానికి కోటు వేసుకుని ఉన్నాడు.

"చేతులు ఎత్తావు. నేను చూశాను" అన్నాడు. "ఎందుకు ఆపావు?"

"పాయింటు కోసం పట్టుకున్నానంటారని."

డీట్జ్ ఒంటిచేత్తో కోటు బొత్తాలు వెతుక్కున్నాడు. "పట్టుకోకుండా పడినా పోయేది అదే అర పాయింటు కదరా లాడీ" అన్నాడు. కోటు బొత్తాలు పెట్టుకోలేక అలాగే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వెర్నావాళ్లు వండింది ఎవరూ తినలేదు.

ఏప్రిల్‌లో లాడీ ఆసుపత్రికి వెళ్లాడు. పెద్ద ఊరు, రెండు బస్సులు మారాలి. డేల్ పుర్రెకి మరలు బిగించి ఇనప చట్రంలో పెట్టారు. పైకప్పు తప్ప ఇంకేమీ కనబడదు. లాడీ వంగి తన మొహం ఆ చూపులోకి తెచ్చాడు.

"ఓ, స్ట్రీకో!" అన్నాడు డేల్. గొంతు సన్నగా, గాలి చాలనట్టు వచ్చింది. "మీకో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పు."

"తలకిందులుగా వస్తున్నానా, అప్పుడు మీ చేతులు కనబడ్డాయి. బాగా కనబడ్డాయి. అమ్మయ్య, వచ్చేశాయి అనుకున్నా." కళ్లు పైకప్పు మీదికి పోయాయి. "భయం కూడా వెయ్యలేదు."

కాసేపటికి నర్సు వచ్చి లాడీని పంపించేసింది. బస్సు దిగాక ఇంటికి పోకుండా మూసిన మిల్లు గేటుదాకా నడిచి, అక్కడ నిలబడి తిరిగొచ్చాడు.

డేల్ తల్లిదండ్రులు కాలేజీ మీద దావా వేశారు. మే నెల మొదట్లో ప్రూయిట్ లాడీని తన గదికి పిలిచి తలుపు మూశాడు. కాఫీ తనే పోసి ఇచ్చాడు.

"బోర్డుతో మాట్లాడా. గెలిచారు కాబట్టి జట్టు ఉంటుందన్నారు. ఒక్క షరతు. కాలేజీ తప్పు లేదని తేలాలి. తేలకపోతే బీమావాళ్లు జిమ్నాస్టిక్స్‌ను ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకోకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

"నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ వద్దు. నిజమే చెప్పండి. ఆ కుర్రాడు ముట్టుకోవద్దన్నాడు. అవునా?"

"అన్నాడు."

"వినిపించేలా అన్నాడు. మీ కుర్రాళ్లు ఇద్దరు విన్నారు. లాయరు అడుగుతాడు. అన్నాడు, అందుకే ఆగాను అనండి. అంతే. జట్టు ఉంటుంది, మీరుంటారు, కాన్ఫరెన్స్ ఉంటుంది." ప్రూయిట్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "అబద్ధం ఆడమనట్లేదు కదా."

లాడీ ఇంటికెళ్లి వెర్నాతో చెప్పాడు. ఆమె బంగాళదుంపలు చెక్కుతోంది.

"అన్నాడుగా" అంది.

"అన్నాడు."

"మరింకేం? అన్నది అన్నట్టు చెప్పు."

"అలా అన్నవాళ్లను ఎంతమందిని పట్టుకోలేదు నేను?"

"లాడిస్లావ్!" కోపమొస్తే ఆమె పూర్తి పేరు పెట్టి పిలిచేది. "ఆ పిల్లాడి కాళ్లు నువ్వు నోరు తెరిస్తే తిరిగొస్తాయా? రావు. ఇటు పన్నెండుమంది కుర్రాళ్లున్నారు. నువ్వున్నావు. మిల్లు పోయిన ఏడాది ఎలా ఉన్నావో మర్చిపోయావా? నేను మర్చిపోలేదు."

"వాడికి నా చేతులు కనబడ్డాయంట" అన్నాడు లాడీ.

వెర్నా కత్తి ఆగింది. తరవాత మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది. ఆ విషయం ఇక ఎత్తలేదు.

వాంగ్మూలం ఇవ్వడానికి పిలిచిన లాయరు గదిలో పొడుగాటి బల్ల. డేల్ తరఫు లాయరు ఒక పక్క, కాలేజీ లాయరు ఒక పక్క. మూలన ఒకావిడ ప్రతి మాటనూ టైపు కొడుతోంది. హేవర్టీ గోడ పక్కన కూచున్నాడు. లాడీ పెళ్లి నాటి కోటు వేసుకున్నాడు. కోటు చేతులు పొట్టివై మణికట్లు బయటికి వచ్చాయి.

కాలేజీ లాయరు మర్యాదగా అడిగాడు. "పోటీకి ముందు ఆ యువకుడు తనని ముట్టుకోవద్దని మీతో అన్నాడా?"

"అన్నాడండి."

"మీకు స్పష్టంగా వినబడిందా?"

"వినబడింది."

"అందువల్ల మీరు ఆగిపోయారు."

టైపు చప్పుడు ఆగింది. లాడీ తన చేతులు బల్ల మీద పెట్టుకుని చూశాడు.

"అందుకు కాదండి."

లాయరు చిరునవ్వు పోలేదు. "అంటే, ఆయన మాటను గౌరవించి..."

"అందరూ అంటారండి అలా. చస్తుంటే తప్ప ముట్టుకోకు అన్నాడు. చస్తున్నాడని నాకు తెలిసింది. నాకు ముందే తెలుస్తుంది. చేతులు ఎత్తాను కూడా. ముట్టుకుంటే మేం గెలుస్తాం. గెలవడానికే ముట్టుకున్నానంటారని ఆపాను. వాడి మెడ కన్నా నా పేరు చూసుకున్నాను."

హేవర్టీ కళ్లు మూసుకున్నాడు.

"మీరు ఇప్పుడు చెప్పినదాని అర్థం మీకు తెలుసా, మిస్టర్ కుబినెక్?" అన్నాడు కాలేజీ లాయరు, నెమ్మదిగా.

"తెలుసండి."

మూలనున్న ఆవిడ మళ్లీ టైపు కొట్టడం మొదలుపెట్టింది.

కాలేజీ డేల్ కుటుంబంతో రాజీకి వచ్చింది. జూన్‌లో జట్టును మూసేస్తున్నట్టు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. కప్పు గెలిచిన జట్టును. మిగిలిన మూడు కాలేజీల కోచ్‌లు హైవే పక్కన ఒక హోటల్లో కలుసుకుని హైలాండ్ కాన్ఫరెన్స్‌ను రద్దు చేశారు. యాభై ఏళ్ల పైబడిన సంఘం, కాఫీలు చల్లారేలోపల ముగిసింది. డీట్జ్ కూడా వెళ్లాడు. అతనే తరవాత ఫోన్ చేసి లాడీకి చెప్పాడు.

"ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగాడు లాడీ.

"నీ గురించా? లేదు. నీ పేరు ఎవరూ ఎత్తలేదు." డీట్జ్ గొంతు తగ్గించాడు. "ఆ గదిలో నువ్వన్నది డేల్‌కి వాళ్ల నాన్న చెప్పాడంట."

"ఏమన్నాడు?"

"గోడవైపు తిప్పమన్నాడంట మంచాన్ని."

జిమ్ ఖాళీ చేసే రోజున లాడీ వెళ్లాడు. వెళ్లకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. లారీ బయట ఆగి ఉంది. రింగులు దింపేశారు, పరుపులు చుట్టేశారు. హై బార్ ఒక్కటే ఇంకా నిలబడి ఉంది, నాలుగు వైపులా తీగలతో బిగించి. కుర్రాళ్లు కొందరు సామాన్లు తీసుకోవడానికి వచ్చారు. లాడీ వచ్చాడని చూసి మాట్లాడుకోవడం ఆపేశారు.

విన్స్ పలాడీనో చేతులకు సుద్దపొడి రాసుకున్నాడు. "విప్పే ముందు ఒకసారి ఎక్కుతా" అన్నాడు, లారీవాళ్లతో. వాళ్లు భుజాలెగరేసి బయటికి పోయి సిగరెట్లు వెలిగించారు.

లాడీ చొక్కా చేతులు మడిచి కమ్మీ కిందికి నడిచాడు. అలవాటు.

విన్స్ కమ్మీ అందుకోబోయి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"మీరు పక్కకి జరగండి."

"పరుపు ఒక్కటే ఉంది రా. పలచగా ఉంది."

"తెలుసు. జరగండి."

"విన్స్..."

"వాడి కింద ఉండి వాణ్ణి పట్టుకోలేదు. మా కింద ఉండి మమ్మల్నీ పట్టుకోలేదు. రెండు ముక్కలు అంటే పోయేది, ముట్టుకోవద్దన్నాడని." పిల్లవాడికి ఇరవయ్యేళ్లు. "ఎవరి కోసం చెప్పారు మీరది? వాడికి కాళ్లొచ్చాయా? జరగండి."

హేవర్టీ గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

లాడీ జరిగాడు. తీగ కట్టిన చోటు దాటి, గోడ దాకా జరిగాడు. విన్స్ ఎగిరి కమ్మీ పట్టుకున్నాడు. కింద ఎవరూ లేరు. ఒక సుడి తిరిగాడు, రెండు తిరిగాడు. కమ్మీ వదిలాడు. లాడీ నడుము చూశాడు. బిగువుగానే ఉంది. రెండు చేతులూ అందాయి. కుర్రాడు ఇంకో సుడి తిరిగి, శుభ్రంగా దిగి, ఎవరి వంకా చూడకుండా సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

లారీవాళ్లు లోపలికొచ్చారు. ఒకడు తీగల వంక చూసి, "ఇది ఎటునుంచి విప్పాలి?" అన్నాడు.

లాడీ గోడ దగ్గర్నుంచి వచ్చి స్పానర్ అందుకున్నాడు. "నాలుగూ సమానంగా వదలాలి" అన్నాడు. "లేకపోతే మీద పడుతుంది." మోకాలి మీద కూచుని మొదటి మర తిప్పాడు.